గిర్ని ఆపించిన బీరమ్మ

బీరమ్మ మా గల్లీలోకి రాకముందే ఆమె గొంతు వచ్చేస్తుంది. ఆమె జహీరాబాద్ రైల్వే గేటు దగ్గర ఎవరినైనా కేకేస్తే, అక్కడ ఝరాసంగంలో షేర్ ఆటోలు ఆగిపోతాయని నేను అంటుంటాను. చిన్నప్పుడు కాన్వెంటులో సిస్టర్లు అబద్ధమాడొద్దని నాకు బెత్తంతో నేర్పారు. అందుకని అబద్ధం ఆడను, నిజాన్ని కాస్త సాగదీస్తాను. బీరమ్మ విషయంలో మాత్రం ఆ శ్రమ పెద్దగా అవసరం లేదు.

ఆమెకు యాభై దాటింది. పదహారేళ్లుగా మా వార్డుకు ఆశా కార్యకర్త. అంతకుముందు మొగుడంపల్లి వైపు చెరకు తోటల్లో, కంది చేలల్లో కలుపు తీసేది. ఏటా రెండు జతల చెప్పులు అరగదీస్తుంది. కన్నడం మాట్లాడే ఇంట్లో కన్నడం, ఉర్దూ ఇంట్లో ఉర్దూ, మా ఇంట్లో తెలుగు. తిట్టడానికి మాత్రం మూడూ కలిపి వాడుతుంది.

కడుపుతో ఉన్నవాళ్లకు ఏడో నెల రాగానే బీరమ్మ పది జొన్న గింజలు చేతిలో పెడుతుంది. మధ్యాహ్నం తిన్నాక ఎడమ పక్కకు తిరిగి పడుకోవాలి. కడుపులో బిడ్డ మెదిలినప్పుడల్లా ఒక గింజ పళ్లెంలో వేయాలి. పది పడటానికి ఎంతసేపు పట్టిందో రాసిపెట్టుకోవాలి. దానికి ఆమె పెట్టిన పేరు హాజరు. వీధిలో ఎదురుపడితే, "ఏం బిడ్డా, తిన్నవా?" అని అడగదు. "హాజరు పడ్డదా?" అని అడుగుతుంది.

"పక్కింటామె బిడ్డతోని పోల్చుకోకు. నీ బిడ్డ రోజూ ఎట్ల ఆడుతదో నువ్వు ఎరుక పెట్టుకో. గా తీరు తగ్గింది అనిపిస్తె రేపు చూద్దాం అనకు. పగలుగాని, రాత్రిగాని, నాకు ఫోన్ కొట్టు. నేను ఎత్తకపోతె నువ్వు సీదా దవాఖానకు పో, వచ్చినంక నన్ను తిట్టు." ఇదీ ఆమె పాఠం.

ఈ పాఠం ఆమె పుస్తకంలో చదువుకోకముందే నేర్చుకుంది. మొదటి కాన్పుకు ఇంకో మూడు వారాలుందనగా ఆమె కందిచేలో కలుపు తీస్తోంది. రెండు రోజులు బిడ్డ మెదల్లేదు. దినాలు దగ్గరపడితే బిడ్డ నిద్రపోతుందని పెద్దవాళ్లన్నారు. మూడో రోజు దవాఖానకు తీసుకుపోయారు. ఆడపిల్ల. అప్పటికే పోయింది. తర్వాత ఇద్దరు కొడుకులు పుట్టారు, బాగున్నారు. అయినా ఆ సంగతి ప్రతి గర్భిణికీ ఒక్కసారి చెబుతుంది. రెండోసారి అడిగినా చెప్పదు.

ఇక మా గల్లీ చివర దేవరాజ్ పిండి గిర్ని ఉంది. నా పగటి మకాం ఆ గిర్ని ముందున్న బల్ల. జొన్నలు పట్టించుకోవడానికి వచ్చినవాళ్లు ఎలాగూ నిలబడాలి కాబట్టి నా కథలు వినక తప్పదు. దేవరాజ్ భార్య గ్లోరీ. పెళ్లైన నాలుగేళ్లకు కడుపు పండింది. మూడు ఆదివారాలకోసారి చర్చిలో ఆమె కోసం ప్రత్యేకంగా ప్రార్థన చేయించేది అత్తగారు అనంతమ్మ. మాట కటువు, చేయి మెత్తన. ఆ ఇంట్లో అందరి చూపూ ఆ పొట్ట మీదే.

ఆ నెలలో ఊళ్లో పెళ్లిళ్లు ఎక్కువ. గిర్ని పొద్దున ఏడు నుంచి ఆగకుండా తిరుగుతోంది. డబ్బాల మీద పేర్లు రాయడానికి గ్లోరీ వచ్చి గిర్నిలోనే కూర్చునేది. వేరే పని చేయనివ్వకుండా, వారం కిందట అనంతమ్మ కోడలికి మోటారు పక్కనున్న సిమెంటు గద్దె మీద గోనెసంచులు నాలుగు మడతలేసి పరిచింది. మధ్యాహ్నం గ్లోరీ అక్కడే ఎడమ పక్కకు ఒరిగి గింజలు లెక్కపెట్టుకునేది.

"మా మనుమడు సిపాయి అయితడు సూడుండ్రి. పది నిమిషాలల్ల పది తన్నులు!" అని అనంతమ్మ డబ్బా తెచ్చిన ప్రతివాళ్లకూ చెప్పేది. నేను ఊరుకుంటానా? నా కథల్లో ఆ పిల్లవాడు అప్పటికే చిరాగ్‌పల్లి దాకా ఫుట్‌బాల్ తన్నేశాడు.

గురువారం మధ్యాహ్నం బీరమ్మ వచ్చింది. గ్లోరీ తొమ్మిదో నెలలో పడి నాలుగు రోజులైంది. క్యాలెండర్ కాగితం వెనక రాసుకున్న లెక్క అడిగి తీసుకుని, కళ్లద్దాలు ముక్కు మీదికి జార్చి చదివింది. పై వరుసలో నలభై నిమిషాలు, పాతిక, యాభై, ముప్ఫై అని ఉన్నాయి. కింద వారం రోజులుగా పదకొండు, పన్నెండు, పదకొండు, పదకొండు.

"ఏందే ఇది? బిడ్డ గడియారం మింగిందా?"

"తొందరగనే మెదుల్తుంది అత్తా," అంది గ్లోరీ మురిసిపోతూ. "గద్దె మీద ఒరిగిన్నో లేదో, షురూ అయితది."

బీరమ్మ ఆమె పొట్ట మీద చేయి వేసింది. దడదడ తెలిసింది. చేయి తీసి గద్దె మీద పెట్టింది. దడదడ. పక్కనున్న జొన్నల సంచి మీద పెట్టింది. దడదడ. చివరికి నా బల్ల మీద అరచేయి ఆన్చి నన్ను కింది నుంచి పైదాకా చూసింది.

"తాతా, ఈ గిర్నిల నీ బొర్ర మీద చెయ్యి పెడితె నీకు గూడ తొమ్మిదో నెలనే అనిపిస్తది."

అందరూ నవ్వారు. ఆమె నవ్వలేదు. "దేవరాజ్, గిర్ని ఆపు."

"చిన్నమ్మా, ఇంకో రెండు డబ్బాలే ఉన్నయ్. గీ బసమ్మ జొన్నలు సగం పడ్డయ్..."

"ఆపు అంటున్న గద."

దేవరాజ్ మీట దించాడు. మోటారు పట్టా నెమ్మదించి, రెండు చుట్లు తిరిగి ఆగింది. పొద్దుటి నుంచి అరుచుకుంటూ మాట్లాడుతున్న మేమంతా ఒక్కసారిగా నోళ్లు మూసుకున్నాం. నేను మాత్రం, లారీలోంచి జారి బొంబాయి దాకా దొర్లుకుంటూ పోయిన ఆలుగడ్డ కథ మధ్యలో ఉండటంతో, ఇంకో వాక్యం చెప్పాను.

"తాతా, నువ్వు గూడ బంద్ చెయ్," అంది బీరమ్మ.

బంద్ చేశాను. గ్లోరీని గిర్ని వెనకున్న ఇంట్లోకి తీసుకెళ్లి నులకమంచం మీద పడుకోబెట్టింది. చేతిలో పది గింజలు పెట్టి, తలుపు దగ్గరున్న మాతో, "ఎవరో ఒకరు ఆటోను పిలువుండ్రి," అని చెప్పి, గ్లోరీ పక్కన కూర్చుంది.

"బిడ్డా, గిర్ని బంద్ అయినంక, రాత్రి పండుకున్నప్పుడు మెదులుతుందా?"

గ్లోరీ ఆలోచించింది. "మొన్న గట్టిగనే మెదిలింది. నిన్న... యాది లేదత్తా. పగటిపూట హాజరు పడ్డది గదా అని ఫికర్ లేకుంట పండుకున్న."

"పొద్దున లేచినంక?"

గ్లోరీ పళ్లెం వైపు చూసింది. పావుగంట దాటింది. పళ్లెంలో ఒక్క గింజ కూడా పడలేదు.

అనంతమ్మ వంటింట్లోంచి చెంబుతో వచ్చింది. "జర బెల్లం నీళ్లు తాగితె లేస్తడు. ఊకెనే పరేషాన్ చేస్తున్నవ్ బీరమ్మా. నెలలు నిండినంక కడుపుల జాగ ఉంటదా? సప్పుడు చెయ్యరు. నేను నలుగురిని కన్న."

"వదినె, జాగ తక్కువైతె మెదులుడు తీరు మారుతదేమో గని, మెదులుడు తగ్గొద్దు. పుట్టేదాంక బిడ్డ మెదులుతనే ఉండాలె."

"ఆదివారం చిరాగ్‌పల్లి, తల్లిగారింటికి పోతనే ఉంది గద. గాడ సూపిస్తరు."

"ఇయ్యాల గురువారం వదినె."

దేవరాజ్ ఫోను పట్టుకుని ముందుకొచ్చాడు. "చిన్నమ్మా, ఇందుల గుండె సప్పుడు ఇనే యాప్ ఉంది. ఇంటె తెలుస్తది గదా."

"గది గుండె సప్పుడో, నీ పెండ్లాం కడుపుల గ్యాసో ఎవడు చెప్పాలె? నువ్వు చెప్తవా? ఆటో వచ్చిందా లేదా?"

ఆటో వచ్చింది. సగం పిండి, సగం జొన్నలు గిర్నిలోనే ఉండిపోయిన బసమ్మ తలుపు దగ్గర నిలబడి, "నా జొన్నలకు కాళ్లు రావు. మీరు పోండ్రి, నేను కావలి కూసుంట," అంది. వెనక ముగ్గురు ఆడవాళ్లు ఎక్కారు. ముందు డ్రైవరుకు చెరో పక్కన దేవరాజూ, నేనూ. నన్ను ఎవరూ రమ్మనలేదు. దిగమని కూడా ఎవరూ అనలేదు.

దవాఖానలో డాక్టర్ శిల్ప ఎక్కువ ప్రశ్నలు వేయలేదు. "కదలిక తగ్గింది, నిన్నటి నుంచి," అని బీరమ్మ అనగానే గ్లోరీని లోపలికి పంపి, పొట్టకు రెండు పట్టీలు కట్టించింది. మిషన్ లోంచి కాగితం గీతతో బయటికి రావడం మొదలైంది. తెరిచిన తలుపులోంచి మాకు బిడ్డ గుండె చప్పుడు వినిపించింది. అనంతమ్మ చేతులెత్తి దండం పెట్టి, "కొట్టుకుంటుంది గదా, ఇగ ఇంటికి పోదమా? ఆదివారం చిరాగ్‌పల్లిల మల్ల సూపిస్తం," అంది. బీరమ్మ కళ్లు డాక్టర్ ముఖం మీదున్నాయి. పదహారేళ్లలో ఆమె అంతసేపు నోరు మెదపకుండా ఉండటం నేను చూడటం అదే మొదలు. ఇందులో సాగదీసింది ఏమీ లేదు.

డాక్టర్ ఆ కాగితం రెండుసార్లు చూసింది. స్కానింగ్ కూడా చేసింది. బయటికి వచ్చి దేవరాజ్‌తో, "గుండె కొట్టుకుంటోంది కానీ బిడ్డ బాగా నీరసపడింది. ఉమ్మనీరు తక్కువైంది. ఆదివారం దాకా కాదు, సాయంత్రం దాకా కూడా ఆగను. ఇప్పుడే ఆపరేషన్ చేయాలి," అంది.

దేవరాజ్ సంతకం పెట్టాడు. చేతులు కడుక్కోకుండా వచ్చాడేమో, కాగితం మీద సంతకంతో పాటు నాలుగు వేళ్ల జొన్నపిండి కూడా పడింది. నర్సు దాన్ని ఊదేసి, కాగితం తీసుకుని లోపలికి పరుగెత్తింది.

బయట బెంచీ మీద అనంతమ్మ చెంగు నోటికి అడ్డం పెట్టుకుని కూర్చుంది. "గద్దె మీద నేనే పండబెట్టిన బీరమ్మా. సంచులు గూడ నేనే పరిచిన."

"మంచిగుండాల్నని పరిచినవు. ఎడమ పక్క పండుకో అని చెప్పిన గని, ఎక్కడ పండుకోవాల్నో నేను చెప్పలె. గది నా తప్పు. కోడలు రోజూ రాసింది, గందుకే తెలిసింది. ఊకో వదినె."

"ఏమన్న అయితె?"

బీరమ్మ అనంతమ్మ చేయి తీసి తన ఒళ్లో పెట్టుకుంది. నాకు ఎప్పుడూ ఏదో ఒక కథ తడుతుంది. ఆ ముప్పావు గంటలో ఒక్కటి కూడా తట్టలేదు.

ముందు లోపల అడుగుల హడావుడి వినిపించింది. తర్వాత ఏమీ వినిపించలేదు. ఆ తర్వాత సన్నగా, పిల్లి గొంతులా ఒక ఏడుపు. బీరమ్మ లేచి నిలబడింది. ఏడుపు ఆగింది. మళ్లీ వచ్చింది, ఈసారి కోపంగా.

"ఆడపిల్ల," అంది నర్సు. "రెండు కిలోల వంద గ్రాములు. ముందు ఏడవలేదు, కొంచెం ఊపిరి అందించాం. నాలుగు రోజులు పిల్లల వార్డులో ఉంచుతాం. తల్లి బాగుంది."

"సిపాయి అన్నవు గదా అనంతమ్మా," అన్నాను.

"ఆడోళ్లు సిపాయిలు గారా అన్నా? నువ్వు ఏ జమానల ఉన్నవ్?" అంది అనంతమ్మ. కళ్లనీళ్లు తుడుచుకుంటూనే నన్ను తిట్టింది కాబట్టి గండం గడిచిందని నాకు నమ్మకం కుదిరింది.

బీరమ్మ నీళ్ల కుళాయి దగ్గరికి వెళ్లి చాలాసేపు ముఖం కడుక్కుంది. తిరిగి వచ్చాక, "ఆకలైతుంది, ఇక్కడ తినేటందుకు ఏం దొరుకుతది?" అని అడిగింది. దేవరాజ్ ఎనిమిది సమోసాలు తెచ్చాడు. ఆరు ఆమే తింది. మా కాన్వెంటు సిస్టర్ల మీద ఒట్టు, ఆరు.

గ్లోరీకి కుట్లు తీసేదాకా అక్కడే ఉండి, బిడ్డ తల్లి పాలు బాగా తాగుతోందని డాక్టర్ చెప్పాక, మరుసటి శుక్రవారం ఇంటికి బయల్దేరాం. మళ్లీ ఆటో, మళ్లీ మేమే, ఇంకో మనిషి ఎక్కువ. ఆ కొత్త మనిషి దవాఖాన గేటు దగ్గర అందుకున్న ఏడుపు బస్టాండు దాటినా ఆపలేదు.

"జర పాలియ్యండమ్మా, నా హారన్ నాకే ఇనిపిస్తలేదు," అన్నాడు డ్రైవరు.

"ఇప్పుడే తాగింది. ఏడ్వనియ్యి నాయినా," అంది అనంతమ్మ. "ఎంతసేపు ఏడుస్తదో ఏడ్వనియ్యి."

ఇంతలో బీరమ్మ ఫోన్ మోగింది. బిడ్డ అరుపులో ఏమీ వినిపించక, రెండో చెవిలో వేలు పెట్టుకుని ఆమె ఇంకా పెద్దగా అరిచింది. "హాజరు పడలేదా? ఎప్పటిసంది? పొద్దుగాల్నుంచా? మీ అత్త ఏమన్నా సరే, నువ్వు బయల్దేరు. ఆ, నేను దవాఖాన కాడికే వస్త." ఫోన్ పెట్టేసి డ్రైవరు భుజం మీద కొట్టింది. "ఆపు నాయినా, దిగుత."

దిగి, ఎదురుగా వస్తున్న ఆటోకు చేయి అడ్డం పెట్టి, మేం వచ్చిన దారినే వెనక్కి వెళ్లిపోయింది. మా ఆటో కదిలింది. పాప ఏడుస్తూనే ఉంది. ఇంటిదాకా మేమెవరం ఊరుకోమనలేదు.