షట్టర్ మీది నెక్టరిన్ పండు

మా ఆర్టిస్టు మామ పోయిన గురువారం పొద్దున గద్వాలలో చనిపోయాడు. ఆ కబురు నలుగురికి చెప్పే పని నా మీద పడింది. నలుగురిలో ముగ్గురు నన్ను తిట్టారు. "నీ నోట్ల మన్నువడ, చావుతోని కూడా ఆటలేనారా?" అని ఒకాయన ఫోన్ పెట్టేశాడు. వాళ్ళ తప్పేం లేదు. బతికున్న మనుషులను ఇట్లాగే ఫోన్ చేసి రెండు మూడుసార్లు చంపినవాణ్ణి నేను. చివరికి మా ఆవిడ నా చేతిలోంచి ఫోన్ లాక్కొని చెబితే నమ్మారు. ఆవిడ గొంతు విన్నాకే నాక్కూడా అది నిజమనిపించింది.

ఆయన నాకు చుట్టం కాదు. ఆయన బోర్డులు రాసే దుకాణానికీ నా ఫోటో స్టూడియోకూ మధ్య ఒకటే గోడ. ఇరవై ఏళ్ళు గోడకు అటు ఆయన, ఇటు నేను. వయసులో పెద్దవాడు కాబట్టి మామ అయ్యాడు. నేను పదో తరగతి తప్పినవాణ్ణి. "కదలకండి" అని జనం మీద అరవడం తప్ప వేరే విద్య రాదు. ఆయన నాకన్నా తక్కువ చదివాడు గానీ, చెరుకు రసం బండి మీద గాజు గ్లాసు వేస్తే ఎండలో పోయేవాడికి నోరూరేది.

పండ్ల బొమ్మలంటే ఆయనకు ప్రాణం. బత్తాయి వేయాలంటే బత్తాయి, దానిమ్మ వేయాలంటే కోసిన దానిమ్మ, ఎదురుగా స్టూలు మీద ఉండాల్సిందే. ఒకసారి పెట్టాక దాన్ని ముట్టుకునేవాడు కాదు. "బొమ్మ అయ్యేదాంక అది దాని జాగల, నేను నా జాగల" అనేవాడు. బొమ్మ అయ్యాక గోడ మీద తట్టి నన్ను పిలిచేవాడు. "ఇగ దీని పనైపోయింది, తిను." ఇరవై ఏళ్ళలో ఆయన బొమ్మలు ఎన్ని చూశానో తెలియదు గానీ, బొమ్మ తర్వాతి పండ్లు మాత్రం ఒక్కటీ వదల్లేదు.

ఫోటో చూసి వేయవచ్చు గదా అని నేను గెలికేవాణ్ణి. "ఆ వెలుగును సూసింది నీ కెమెర. నేను సూడలే. సూడనిదాన్ని ఎట్లెయ్యాలె?" అనేవాడు. ఇంకా రెచ్చగొడితే, "అబద్ధం నీ నోటికి ఉంచుకో, నా బ్రష్షుకు అంటియ్యకు" అని నా నోరు మూయించేవాడు.

ఆయన రంగు డబ్బాలు ఒక చెక్క పలక మీద వరుసగా ఉండేవి. ఎడమ చివర తెలుపు, కుడి చివర నలుపు. ఆయన బయటికి పోయినప్పుడు ఎరుపును పచ్చ స్థానంలో పెట్టడం నాకొక ఆట. మొదట్లో దూరం నుంచే పసిగట్టి మసిగుడ్డ నా మీద విసిరేవాడు. తర్వాత తర్వాత నవ్వడం మానేశాడు. ఒకసారి ఒక మెస్సు బోర్డు మీద ఎర్రగా రాయాల్సిన 'భోజనం' అన్న మాటను ఆకుపచ్చగా రాశాడు. వాళ్ళు అడిగితే "ఎర్రది అందరు రాస్తరు" అని గద్దించి పంపాడు. ఆ సాయంత్రం నా కాలర్ పట్టుకుని "ఇంకొకసారి నా డబ్బాలు ముట్టుకుంటే చెయ్యి ఇరగ్గొడ్త" అన్నాడు. తొమ్మిది రోజులు నాతో మాట్లాడలేదు. ముసలాయనకు కోపం పెరిగింది అనుకున్నాను. అంతకుమించి ఆలోచించలేదు.

నాలుగేళ్ళ కిందట వనపర్తిలో ఒక పండ్ల సేటు కొత్త దుకాణం పెట్టాడు. అది నడిస్తే గద్వాలలో ఒకటి, నాగర్‌కర్నూల్‌లో ఒకటి పెడతానన్నాడు. బయటిదేశాల పండ్లు అమ్ముతాడట. దుకాణానికి నెక్టరిన్ గుర్తుగా ఉండాలన్నాడు. పీచ్ పండుకు తమ్ముడు లాంటిది, పీచ్‌కు ఉండే నూగు దీనికి ఉండదు, తోలు నున్నగా మెరుస్తుంది. అప్పటికి మా ఇద్దరిలో ఎవరమూ దాన్ని చూసి ఎరగం. పైన ఫ్లెక్సీకి ఫోటో నాది, కింద షట్టర్ మీద బొమ్మ మామది. బొమ్మ నచ్చితే మిగతా రెండు షట్టర్లూ మామకే. ఫ్లెక్సీలు వచ్చాక ఆయనకు బోర్డులు రావడం దాదాపు ఆగిపోయింది. ఆ ఫ్లెక్సీలు అచ్చు వేయించి ఇచ్చేవాళ్ళలో నేనూ ఒకణ్ణి. ఆ మూడు షట్టర్ల కోసం ఆయన ఎంత ఆశగా ఉన్నాడో గోడ ఇవతల నాకు తెలుసు.

ఇద్దరం బస్సెక్కి కృష్ణ దాటి వనపర్తి పోయాం. సేటు తెల్లటి జాలీ తొడుగులోంచి ఒకే ఒక్క పండు తీసి ఇచ్చాడు. "గిదొక్కటే మిగిలింది. బొమ్మ అయినంక మా అమ్మకు పెట్టాలె, జర పైలం. నాలుగింటికొస్త" అని వెళ్ళాడు.

నేను ఐదు నిమిషాల్లో కెమెరాతో, ఫోన్‌తో కలిపి పన్నెండు ఫోటోలు కొట్టాను. నా పని అయిపోయింది. మామ నల్లా దగ్గరికి చేతులు కడగడానికి పోయాడు. పసిపిల్లల ఫోటోలకు ముందు పెట్టే బుట్టలోంచి ఒక ప్లాస్టిక్ ఆపిల్‌ను ఇందుకోసమే సంచీలో వేసుకొచ్చాను. దాన్ని స్టూలు మీద పెట్టి, అసలు పండును దుకాణం వెనక్కి తీసుకుపోయి తినేశాను. ఆయన చూసి మసిగుడ్డ విసురుతాడు, నేను గింజ తీసి చూపిస్తాను, ఇద్దరం నవ్వుకుంటాం, సేటు తల్లికి నేనేదో కథ చెబుతాను. ఇదీ నా లెక్క.

మామ వచ్చాడు. స్టూలు వైపు చూశాడు. షట్టర్ మీద సుద్దముక్కతో గుండ్రంగా గీశాడు. నేను నవ్వు ఆపుకుంటూ గోడకు ఆనుకున్నాను. ఆయన పసుపు పూశాడు, ఎరుపు పూశాడు. మసిగుడ్డ రాలేదు. అరగంట అయింది.

"మస్తు పండురా అల్లుడా, సూడు ఎట్ల మెరుస్తుందో" అన్నాడు.

నా నవ్వు అక్కడే చచ్చిపోయింది. ఆయన చేతిని చూశాను. డబ్బా తీసేటప్పుడు రంగు వైపు చూడటం లేదు. పలక ఎడమ చివర నుంచి వేళ్ళతో తడుముతున్నాడు. ఒకటి, రెండు, మూడు. మూడోదాంట్లో బ్రష్ ముంచాడు. మెస్సు బోర్డు, ఆ కాలర్ పట్టు, తొమ్మిది రోజుల మౌనం అన్నీ ఒక్కసారే అర్థమయ్యాయి. ఆ డబ్బాల వరుసే ఆయన కళ్ళు. దాన్నే నేను ఆటగా మారుస్తూ వచ్చాను.

రెండున్నర దాటింది. షట్టర్ మీద మనిషంత ఆపిల్, అదీ ప్లాస్టిక్ ఆపిల్, మెరుస్తోంది. చెబితే ఆయన దాచుకున్నది బయటపడుతుంది. చెప్పకపోతే నాలుగింటికి సేటు ముందు, బజారు ముందు బయటపడుతుంది. పండు చూస్తేనా, నా కడుపులో ఉంది.

"మామా, అది పండు కాదు. నేను మార్చిన" అన్నాను.

బ్రష్ ఆగింది. ఆయన వెనక్కి తిరగలేదు.

"ఏం పెట్టినవ్?"

"ప్లాస్టిక్ ఆపిల్."

ఆయన బ్రష్‌ను డబ్బా మీద అడ్డంగా పెట్టాడు. తర్వాత మెల్లగా అడిగాడు. "నా బొమ్మ ఎట్లున్నది? నిజం చెప్పు."

"ప్లాస్టిక్ ఆపిల్ లెక్కనే ఉన్నది."

"అట్లయితే చెయ్యి ఇంకా బాగనే ఉన్నది" అన్నాడు. అని అక్కడే మెట్టు మీద కూలబడ్డాడు. "కండ్లకు పొరలొచ్చినయ్‌రా. రెండేండ్లాయె. వెలుగు తెలుస్తది, గుండ్రం తెలుస్తది. రంగు తెలుస్తలేదు. ఇంట్ల కూడా చెప్పలే. కండ్లు కనపడని ఆర్టిస్టుకు బోర్డు ఎవడిస్తడు?"

నేను ముక్కు ఎగబీల్చాను. అది విని ఆయనే లేచాడు. "ఏడుస్తె బొమ్మ అయితదా? ఫోటో తీసినవ్ గదా, తియ్యి. నేను సూడలేను, నువ్వు సూసి చెప్పు." కిరోసిన్ గుడ్డ తీసుకుని ఆపిల్ మొత్తం తుడిచేశాడు.

ఫోన్‌లో ఫోటో పెద్దది చేసి చెప్పడం మొదలుపెట్టాను. "ఎర్రగుంది మామా."

"మిరపకాయ ఎరుపా, ఇటుక ఎరుపా? సక్కగ సూసి చెప్పు."

"రుచి అయితే తియ్యగ..."

"తిన్నది చెప్పకురా, సూసింది చెప్పు!"

చూశాను. నేను తీసిన ఫోటోనే, నేను అప్పటిదాకా చూడలేదు. తొడిమ చుట్టూ పసుపు, అది ఒకచోట ఆగకుండా ఎరుపులోకి కారిపోతోంది. ఎరుపులో సన్నటి చుక్కలు, ఇసుక చల్లినట్టు. పై నుంచి కిందికి ఒక గీత, మనిషి వీపు మధ్యలో ఉంటుందే, అట్లా. భుజం మీద తెల్లగా ఆకాశం ముక్క. దాని కింద, ఏ కొమ్మకో రాసుకున్నదేమో, గోరంత గోధుమరంగు మచ్చ. నేను చెబుతుంటే ఆయన కలిపేవాడు. "ఇది సాలునా? ఇంకా పసుపా?" అని చెక్క మీద గీసి చూపేవాడు. నేను అవునంటే అవును, కాదంటే కాదు. జీవితంలో మొదటిసారి ఒక మనిషి నా మాటను పూర్తిగా నమ్మి పనిచేస్తున్నాడు. చివరి చుక్క పెట్టేసరికి సేటు స్కూటర్ వచ్చి ఆగింది.

సేటు నా ఫోన్ తీసుకుని ఫోటోను బొమ్మ పక్కన పెట్టి చూశాడు. వెనక్కి పోయి చూశాడు. "గీ మచ్చ ఏంది పెద్దాయనా? మచ్చ ఉన్న పండు ఎవడు కొంటడు?"

"మచ్చ లేకుంటే ప్లాస్టిక్‌ది అనుకుంటరు సేటు" అన్నాడు మామ. నా వైపు తిరగను కూడా లేదు.

సేటు నవ్వాడు. పండు ఏదంటే నేనే తిన్నానని ఒప్పుకున్నాను, తిట్టాడు. గట్టెక్కాం అనుకున్నాను. అప్పుడు సేటు జేబులోంచి ఒక కార్డు తీసి మామ చేతిలో పెట్టాడు. "దుకాణం పేరు గీ రంగుల రాయాలె. గిదేం రంగు, నీ తాన ఉన్నదా?"

మామ కార్డు పట్టుకున్నాడు. కళ్ళ దగ్గరికి తెచ్చాడు. దూరం పెట్టాడు. సేటు కళ్ళు చిన్నవయ్యాయి. నాకు ఇంకేమీ తోచలేదు.

"గది నీలం రంగు సేటు! కండ్లు దొబ్బినయా నీకు? సొంత కార్డు రంగు తెల్వనోడివి పండ్లేం అమ్ముతవ్?"

బజారంతా తిరిగి చూసింది. సేటు ముఖం కందిపోయింది. మామ రహస్యం మీంచి అందరి కళ్ళూ నా నోటి మీదికి వచ్చాయి. నాకు కావలసిందీ అదే. ఫలితం ఏమిటంటే, ఆ షట్టర్ తప్ప మిగతా రెండూ పోయాయి. ఫ్లెక్సీ కూడా పోయింది.

తిరుగు బస్సులో పెబ్బేరు దాటాక మామ అన్నాడు. "నా కండ్లకైతే దవాఖాన ఉన్నదట. నీ నోటికే ఎక్కడ లేదురా." ఆ మాటతోనే ఆపరేషన్‌కు ఒప్పుకున్నాడని అర్థం చేసుకుని మర్నాడే వాళ్ళింట్లో చెప్పాను. చెప్పింది నేను కాబట్టి వాళ్ళు నమ్మలేదు. ఆయనే వచ్చి అవునన్నాడు.

రెండు కళ్ళకూ ఆపరేషన్ అయ్యాక ఆయన మొదట చూడాలన్నది మనవణ్ణి కాదు, నన్ను అసలే కాదు. పొద్దున మొదటి బస్సుకు వనపర్తి పోయాం. దుకాణం ఇంకా తెరవలేదు. ఆయన నల్లద్దాలు తీసి షట్టర్ ముందు నిలబడ్డాడు. నా మాట మీద కలిపిన రంగులు అవి. నేను ఎక్కడ తప్పు చెప్పానో ఇప్పుడు తేలుతుంది. పదో తరగతి ఫలితాల రోజున కూడా నేను అంత భయపడలేదు.

"ఎట్లుంది మామా?"

దగ్గరికి పోయాడు. ఇనుప రేకుకు ముక్కు ఆనేంత దగ్గరికి. ఆ మచ్చ మీద వేలు పెట్టాడు. "గిది మాత్రం మస్తుగ చెప్పినవ్‌రా" అన్నాడు. మిగతా రంగుల మాట ఎత్తలేదు.

ఇంతలో సేటు మనిషి తాళం తీయడానికి వచ్చాడు. "జర ఆగు నాయనా" అన్నాడు మామ. అతను ఆగాడు. ఇద్దరు ముగ్గురు కొనేవాళ్ళు కూడా వచ్చి వెనక నిలబడ్డారు. చివరికి మామే పక్కకు జరిగి, ఎత్తు అన్నట్టు చెయ్యి ఊపాడు. షట్టర్ గడగడమని లేచింది. కింది ఎరుపు, మధ్య గీత, మచ్చ, ఆకాశం ముక్క, తొడిమ దగ్గరి పసుపు, ఒక్కొక్క మడతా పైన చుట్టలోకి పోయింది. జనం ఆయన్ను దాటుకుని పండ్ల దగ్గరికి వెళ్ళిపోయారు. ఆయన మాత్రం తల వెనక్కి వాల్చి, ఆ చివరి పసుపు పోయిన చోటనే చూస్తూ నిలబడ్డాడు, రెండు కళ్ళూ బాగా తెరిచి.