మైనాన్ని గుర్తుపట్టే కణాలు

మా బాపు భూగర్భ గనిలో డ్రిల్లరు. గోదావరిఖనిలో మా క్వార్టర్ ముందు ఆయన సైకిల్ ఆపగానే అవ్వ, అంటే మా అమ్మ, ఆయన చేతిలో బెల్లం ముక్క పెట్టేది. గొంతులోకి పోయిన బొగ్గు దుమ్మును బెల్లం పట్టుకుని లాగేస్తుందని, ఊపిరితిత్తులు శుభ్రపడతాయని మా కాలనీలో అందరి నమ్మకం. కళ్లె నల్లగా పడితే బెల్లం పనిచేస్తోందని సంతోషించేవాళ్లు కూడా. ఆ నమ్మకం తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్లు మండుతుంది.

తెలంగాణ ఉద్యమం ఊపందుకున్న ఆ ఏళ్లలో నేను హైదరాబాద్‌లో ఎమ్మెస్సీ చదువుతున్నాను. క్లాసులో మేడమ్ చెప్పిన ఒక సంగతి నా మనసులో నాటుకుంది. ఒంట్లో చొరబడిన రోగాన్ని పసిగట్టే టీ కణాల్లో చాలావరకు ప్రోటీన్ ముక్కలనే గుర్తుపడతాయి. కొన్ని మాత్రం వేరే రకం. అవి కొవ్వును కూడా గుర్తుపట్టగలవు. క్షయ పురుగు ఒంటినిండా మైనం లాంటి కొవ్వు పూసుకుని ఉంటుంది. మన కణాలే కొన్ని ఆ కొవ్వు ముక్కను సీడీ1 అనే అణువుతో పట్టుకుని పైకి చూపిస్తాయి. చూపిస్తేనే ఆ టీ కణాలు దాన్ని గుర్తుపట్టి మీద పడతాయి.

సెలవులకు వచ్చి ఇదంతా ఇంట్లో గొప్పగా చెప్పాను.

"చెప్పెటోనికి వినెటోడు లోకువనట" అని అవ్వ మూతి తిప్పింది.

"అంటే పురుగు రెయిన్‌కోటు తొడుక్కొని వచ్చినా దొరుకుతదన్నట్టు" అని బాపు నవ్వాడు. ఆ నవ్వు దగ్గులోకి దిగి ఎంతకీ ఆగలేదు. మనిషి సగమయ్యాడు. సాయంత్రమైతే ఒళ్లు కాలుతోంది.

"దవాఖానకు పోదాం బాపు. కళ్లె పరీక్ష చేపిద్దాం."

"బొగ్గు దగ్గు బిడ్డా. ఫికర్ చెయ్యకు."

ఆయన డ్యూటీకి పోయాక అవ్వ అసలు సంగతి చెప్పింది. "టీబీ అని తెలిస్తే లోపల బువ్వ కాడ ఎవ్వలు పక్కన కూసోనియ్యరని ఆయన రంది." గనిలో అందరూ ఒకచోట టిఫిన్లు విప్పి, కూరలు పంచుకుని తింటారు. ఆ నాలుగు ముద్దల కోసం ప్రాణం మీదికి తెచ్చుకుంటాడా అని నేను అవ్వ మీద అరిచాను, పాపం ఆమెదేం తప్పని!

కొద్దిరోజులకు ఆయన తువాల ఉతకబోయి అవ్వ కేకేసింది. నల్లటి మరకల మధ్య నెత్తురు. ఈసారి బాపు కాదనలేదు.

దవాఖానలో టీబీ అని తేలింది. డాక్టరు నన్ను పక్కకు పిలిచి ఎక్స్‌రే చూపించాడు. డ్రిల్లింగ్‌లో లేచిన రాతి ధూళి ఊపిరితిత్తుల్లో పేరుకుపోయిందట. పురుగును మింగి, దాని ఆనవాలు చూపించాల్సిన కణాలనే ఆ ధూళి చంపేస్తుందట. మందులు వాడదాం కానీ నయమవుతుందని గట్టిగా చెప్పలేనన్నాడు. చూపించేవి చచ్చిపోతే గుర్తుపట్టేవి ఎన్ని ఉండి ఏం లాభం? అది అర్థమయ్యేంత చదువు చదివినందుకు నా మీద నాకే కోపం వచ్చింది.

వార్డులో ఆయన మంచం పక్కన స్టూలు వేసుకుని కూర్చున్నాను. బాపు నా వైపు తిరిగాడు.

"మైనాన్ని గుర్తువట్టేటియి అంటివి గదా, అవి నాల ఉన్నయా?"

"ఉన్నయి బాపు." ధూళి సంగతి చెప్పడానికి నోరు రాలేదు.

"మీ అవ్వల?"

"ఉన్నయి."

"మరి నీల?"

"అందరిల ఉంటయి."

"అయితే మంచిదే" అని, తువాల మూతికి అడ్డం పెట్టుకుని, నా స్టూలును చేత్తో దూరంగా నెట్టాడు.