మెతుకు రాలని అన్నం

నాన్న అన్నం తినడం మానేశాడు. కోపంతో కాదు, సిగ్గుతో. పార్కిన్సన్స్ జబ్బు ముదిరాక కుడిచెయ్యి ఎప్పుడూ వణుకుతూనే ఉండేది. పప్పన్నం కలుపుకొని ముద్ద ఎత్తితే, నోటి దగ్గరికి వచ్చేసరికి సగం లుంగీ మీద, సగం కార్పెట్ మీద. వంగి మెతుకులు ఏరుకుంటున్న నాన్నను చూస్తే నాకు జాలికంటే ముందు చిరాకు వచ్చేది. నా తత్వమే అంత. స్పూన్ పట్టుకొని దగ్గరికి వెళితే పళ్ళు బిగించి మొహం తిప్పుకునేవాడు.

ఆ వేసవికి చొక్కా భుజాల మీంచి జారిపోసాగింది. ఇలాగే తగ్గిపోతే పొట్టలోకి ట్యూబ్ వేయాల్సిందేనని డాక్టరు చెప్పాడు. కార్‌లో కూర్చుని స్టీరింగ్‌ని గుద్దాను.

అప్పుడు మేము అమెరికాలో, హెర్న్‌డన్‌లో ఉండేవాళ్ళం. మా కింది అపార్ట్‌మెంట్‌లో లావోస్ దేశపు పెద్దావిడ ఉండేది. శనివారాలు వాళ్ళ గుడి పార్కింగ్ లాట్‌లో టెంట్ వేసుకొని, బొగ్గుల మీద కోడి కాల్చి, పచ్చి బొప్పాయి కోరును మిరపకాయలతో మట్టి రోట్లో దంచి అమ్మేది. మెట్ల దగ్గర కనబడి, మీ నాన్న ఎందుకిలా చిక్కిపోయాడని అడిగింది. ఉన్నదంతా కక్కేశాను. ఈసారి ఆయన్ని వెంటబెట్టుకు రమ్మంది. నలుగురిలో తినడని చెప్పినా వినిపించుకోలేదు.

అక్కడ అందరూ చాపల మీద కూర్చుని చేత్తోనే తింటున్నారు. కంచాల్లేవు, మధ్యలో మూతలున్న చిన్న వెదురు బుట్టలు. నాన్న చెయ్యి తొడకింద దాచుకున్నాడు. ఆవిడ ఒక బుట్ట మూత తీసి, ముద్దగా అతుక్కుని ఉన్న జిగురు అన్నం కొంచెం తుంచి, వేళ్ళతో నొక్కి ఉండ చేసి, కాల్చిన టమాటాల పచ్చడిలో అద్దుకొని నోట్లో వేసుకుంది. తర్వాత బుట్ట నాన్న ముందుకు జరిపి, ఆయన వైపు చూడకుండా కోళ్ళు కాలుతున్న బొగ్గుల దగ్గరికి వెళ్ళిపోయింది.

చాలాసేపటికి నాన్న చెయ్యి బయటికి వచ్చింది. వణుకుతూనే తుంచాడు, వణుకుతూనే అద్దాడు. చెయ్యి గాల్లో అటూ ఇటూ ఊగినా ఉండ మాత్రం విడలేదు. తిన్నాక ఒళ్ళోకి చూసుకున్నాడు. ఒక్క మెతుకు లేదు. మళ్ళీ తుంచాడు.

"మన రోటి పచ్చడేనమ్మా. కాస్త నీచు వాసన, అంతే," అన్నాడు.

ఆ మర్నాడే ఆ జిగురు బియ్యం కొనుక్కొచ్చి, మన అలవాటు ప్రకారం ఎసరు పోసి కుక్కర్‌లో పెట్టాను. విజిల్స్ ఆగాక మూత తీస్తే గోడ మీద పోస్టర్లు అంటించే మైదా జిగురు. నాన్న ముంచిన వేళ్ళు ఒకదానికొకటి అతుక్కుపోయాయి. గిన్నె సింక్‌లో విసిరికొట్టాను. చప్పుడుకి పైకి వచ్చిన ఆవిడ కుక్కర్‌లోకి తొంగిచూసి పడీ పడీ నవ్వింది. నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ బియ్యం రాత్రి నానబెట్టాలట, నీళ్ళన్నీ వంచేసి, వెదురు గంపలో పోసి కుడుముల్లా ఆవిరి మీదే ఉడికించాలట. తిన్నాక బుట్టకి మూత పెట్టి తీరాలి, లేకపోతే మొగుడూ పెళ్ళాలు విడిపోతారని కూడా హెచ్చరించింది. మా ఆయన ఆ రోజు నుంచి మూత సంగతి తనే చూసుకునేవాడు.

ఆకులు రాలేదాకా నాన్న తన చేత్తో తిన్నాడు. చొక్కా మళ్ళీ భుజాల మీద నిలబడింది. నేను దేవుణ్ణి తిట్టడం కూడా మానేశాను.

చలి మొదలయ్యాక దగ్గు పట్టుకుంది. ఒక మధ్యాహ్నం ముద్ద గొంతుకడ్డం పడి నాన్న మొహం నల్లబడిపోయింది. వీపు మీద చరుస్తూ ఏమేం అరిచానో గుర్తులేదు. హాస్పిటల్లో మింగే పరీక్ష చేశారు. జబ్బు గొంతులోకీ పాకింది. మెత్తగా గ్రైండ్ చేసినవే పెట్టాలి, అదీ స్పూన్‌తో కొంచెం కొంచెంగా. జిగురుగా ఉన్నది ఏదైనా ప్రాణం తీస్తుందని థెరపిస్ట్ చెప్పింది. చేతిలోంచి రాలకుండా కాపాడిన ఆ జిగురే. అంత అన్యాయం నేనెక్కడా చూడలేదు.

బుట్ట ఫ్రిజ్ మీదకి ఎక్కించేశాను. నాన్న దానివైపే చూసేవాడు. చెప్పక తప్పలేదు, చెప్పాను. విని, ఒక్కసారి వండమన్నాడు. తినకూడదు నాన్నా అన్నాను. తెలుసన్నాడు.

వండాను. నాన్న తుంచాడు, నొక్కాడు, పచ్చడిలో అద్దాడు. చెయ్యి పైకి లేచింది. నోట్లో పెట్టుకుంటాడేమోనన్న భయంతో మణికట్టు పట్టుకోబోయాను. చెయ్యి నా నోటి దగ్గరికి వచ్చి ఆగి, అక్కడే వణుకుతోంది.

"నువ్వు తినమ్మా. నా చేత్తో తిను."

తిన్నాను. కారానికే అన్నట్టు కళ్ళు తుడుచుకున్నాను. బుట్టలో అన్నం అయిపోయేదాకా ఒక్కొక్కటే పెట్టాడు. ఆఖర్న తనే తడుముకుంటూ మూత పెట్టాడు.

తర్వాత నేను గ్రైండ్ చేసిన పప్పన్నం గిన్నె, స్పూన్ తీసుకొని ఎదురుగా కూర్చున్నాను. నాన్న నోరు తెరిచాడు.