అద్దాల మేస్త్రి కోడలి కారు

ఆ వీధిలో ఆయన్ని పేరు పెట్టి పిలిచేవాళ్ళు లేరు. అద్దాల మేస్త్రి అనేవాళ్ళు. అద్దాల పని కాదు ఆయనది, కార్లకి రంగులు వేసేవాడు. ఆయన షెడ్డులోంచి బయటికొచ్చిన కారు తలుపులో చూసుకుని తల దువ్వుకోవచ్చని చెప్పుకునేవాళ్ళు. ఆ మాట ఆయన నెత్తికెక్కి కూర్చుంది. చేతులు వణికి షెడ్డు మూసేశాక కూడా దిగలేదు.

ఆయన ఆఖరున రంగు వేసిన కారు కొడుకుది. ముదురు ఎరుపు. తండ్రీకొడుకులిద్దరూ పూత మీద పూత వేసి, అరచేత్తో తడిమి తడిమి తయారుచేశారు. ఆ తర్వాత కొన్నాళ్ళకే కొడుకు పనిచేసే చోట గుండె ఆగి పడిపోయాడు. అప్పట్నుంచీ కారు పెరట్లో రేకుల కింద అలాగే నిలబడిపోయింది. ఎవరూ తోలలేదు. మేస్త్రి మాత్రం రోజూ పొద్దున్నే మైనం డబ్బా, పాత బనీను గుడ్డ పట్టుకొచ్చి దాన్ని రుద్దేవాడు. వారానికోసారి ఇంజిను తిప్పి ఆపేసేవాడు. తాళం చెవి చొక్కా లోపలి జేబులో ఉండేది. చొక్కా ఉతకడానికి ఇచ్చేటప్పుడు చెవి తీసి గుప్పిట్లో పెట్టుకునేవాడు. ఇంట్లో దొంగలున్నట్టు.

కోడలు బట్టలు ఆరేసే తీగ ఆ కారు పక్కనే. తడి చీర దులిపి తీగ మీద వేసి ఇటు తిరిగితే చాలు, డ్రైవరు తలుపులో తన మొహం. మొగుడు పనికి బయల్దేరే ముందు ఆ తలుపు దగ్గరే వంగి తల దువ్వుకునేవాడు. ఈవిడ వెనక నిలబడి, "చాల్లే, ఫొటో దిగడానికి వెళ్తున్నావా?" అనేది. తలుపులో ఇద్దరూ నవ్వేవాళ్ళు. ఇప్పుడు తలుపులో తనొక్కతే, వెనక తీగ. బకెట్టు అవతలి పక్క పెట్టి చూసింది. వీపు తిప్పుకుని ఆరేసి చూసింది. ఎంత తప్పించుకున్నా ఆ మొహం కంటి కొసకి దొరికిపోయేది. ఈ మాట ఎవరితోనూ అనలేదు. అనడానికి ఆ ఇంట్లో వినే చెవి ఏది?

ఊరి చివర బట్టలు కుట్టే కార్ఖానాలో కోడలికి పని దొరికింది. రెండు బస్సులు మారాలి. ఒక పొద్దున ఆయన కారు రుద్దుతుండగా వెళ్ళి అడిగేసింది.

"మామయ్యా, తాళం చెవి ఇవ్వండి. పనికి కార్లో వెళ్తాను."

ఆయన చెయ్యి ఆపలేదు. "నీకు తోలడం ఎవరు నేర్పారు?"

"మీ అబ్బాయే."

"వాడికే సరిగ్గా రాదు, నీకేం నేర్పుంటాడు?"

"గోడకి కొట్టకుండా నేర్పాడు. అది చాలు నాకు."

"ఇది తిరిగే కారు కాదు."

"మరి నాలుగు చక్రాలూ కూర్చోబెట్టడానికి పెట్టారా?"

"నోరు లేస్తోందే!"

"లేవకపోతే దాని మీద కూడా మైనం రుద్దేస్తారుగా."

వంటింట్లోంచి అత్త గరిటె పట్టుకునే వచ్చింది. "పొద్దున్నే మొదలెట్టారా? మామా కోడళ్ళు పోట్లాడుకుంటుంటే నా పొయ్యి కూడా వెలగడం మానేసింది" అంది. ఇద్దరిలో ఎవరూ ఆవిడ వైపు చూడలేదు.

"సరే, చెవి మీరే ఉంచుకోండి" అంది కోడలు. "కారు నా మొగుడిది. దాని రంగు మారుస్తాను. నల్లగా, బొగ్గులా. మెరుపనేది లేకుండా."

మేస్త్రి చేతిలో గుడ్డ ఆగింది. "మెరుపు లేని రంగేంటి? దాన్ని ప్రైమరంటారు, అడుగు పూత. రంగు వెయ్యడం మర్చిపోయినవాడి కారు అలా ఉంటుంది."

"అలాగే ఉండనివ్వండి."

"నా చేతి పని మీద నీ బొగ్గు పులుముతావా? నా కొడుకు చెయ్యి పడిన కారది!"

"నా మీద పడలేదా ఆ చెయ్యి?" అనేసి బకెట్టు తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది.

ఆ ఆదివారం రంగుల కొట్టుకి వెళ్ళింది. కొట్టాయన మెరుపు లేని మ్యాట్ నలుపు స్ప్రే డబ్బాలు బల్ల మీద పెట్టి జాగ్రత్తలు చెప్పాడు. "నీళ్ళ కాగితంతో, అదే గరుకు కాగితం తడిపి, పాత మెరుపు చచ్చేదాకా రుద్దండమ్మా. పల్చగా కొట్టండి, ఆరాక మళ్ళీ కొట్టండి. ఒకసారి ఆరిందంటే ఇక రుద్దకూడదు. మురికైతే నీళ్ళు పోసి గుడ్డ ఆనించడమే. రుద్దిన చోట నిగనిగలాడుతుంది, ఆ నిగారింపు మళ్ళీ పోదు."

"మా ఇంట్లో రుద్దే మనిషి ఉన్నాడు" అంది.

"అయితే కట్టేసి ఉంచండి" అని నవ్వాడాయన. ఆవిడ నవ్వలేదు.

ముందు డిక్కీ మీద మొదలుపెట్టింది. దీపాలకీ అద్దాలకీ పాత పేపర్లు అంటించింది, దుమ్ము లేవకుండా నేలంతా నీళ్ళు చల్లింది, ముక్కుకి గుడ్డ కట్టుకుంది. సబ్బుతో కడిగింది, అక్కడక్కడా రుద్దింది, డబ్బా ఊపి కొట్టింది. రంగు పడ్డట్టే పడి వెనక్కి ముడుచుకుపోయింది. డిక్కీ నిండా గుండ్రటి బొక్కలు, చేప కళ్ళలా. ఒక్కో కంట్లోంచీ పాత ఎరుపు బయటికి చూస్తోంది.

వెనకాల కుర్చీ వేసుకుని చూస్తున్న మేస్త్రి నవ్వాడు. కొడుకు పోయాక ఆ ఇంట్లో అదే మొదటి నవ్వు. అత్త ఉలిక్కిపడి బయటికొచ్చింది.

"ఇన్నాళ్ళ మైనం అది! సబ్బుకి పోతుందా? నా కారు నిన్ను ఉమ్మేసింది చూడు!" అన్నాడు తొడ మీద చరుచుకుంటూ.

 కోడలు మళ్ళీ కొట్టుకి వెళ్ళి మైనం ఊడదీసే మందు తెచ్చింది. తడి గుడ్డతో తుడవడం, వెంటనే పొడి గుడ్డతో ఎత్తెయ్యడం. తర్వాత నీళ్ళ కాగితంతో తలుపు తలుపునీ రుద్దడం. వేలికొసలు తోలు లేచిపోయి, కార్ఖానాలో సూది పట్టుకుంటే మండేవి. సెలవు దొరికిన పూటల్లా అదే పని. మేస్త్రి రోజూ కుర్చీ వేసుకుని కూర్చుని మాటలతో రాళ్ళేసేవాడు. "అట్ల పెనం తోముతున్నావా? ఇంకా మాడ్చు." "చచ్చినవాడి కారుకి మసి పూసిన పెళ్ళాం ఇంకెక్కడైనా ఉందా?"  ఆ మాటకి కోడలు ఇంకా గట్టిగా రుద్దింది.

డ్రైవరు తలుపుకి రంగు కొట్టేటప్పుడు చెయ్యి అలిసి ఒక చోట నిలిచిపోయింది. రంగు కారబోతోంది.

"చెయ్యి ఆపకు! జరుగు, జరుగుతూ ఉండు!" అని అరిచాడు మేస్త్రి కుర్చీలోంచి సగం లేచి.

ఆవిడ జరిగింది. రంగు కారలేదు. ఆయన తన నోటిని తనే కొట్టుకోవాలన్నట్టు చూసి, కుర్చీ కాలితో తన్ని లోపలికి వెళ్ళిపోయాడు. అన్నం కూడా తినలేదు.

కారు పూర్తయింది. పలకలా ఉంది. మర్నాడు బట్టలారేసి ఇటు తిరిగితే తలుపులో ఏమీ లేదు. మొహం లేదు, తీగ లేదు, ఆకాశం కూడా లేదు. ఎన్నాళ్ళకో బట్టలన్నీ తొందరపడకుండా, ముడతలు సాగదీసి మరీ ఆరేసింది.

ఆ నెమ్మది ఎక్కువరోజులు నిలవలేదు. ఒక పొద్దున వచ్చి చూసేసరికి మేస్త్రి డ్రైవరు తలుపు ముందు వంగి ఉన్నాడు. చేతిలో బనీను గుడ్డ, కాళ్ళ దగ్గర మైనం డబ్బా. తలుపు మధ్యలో మొహమంత మేర నల్లగా నిగనిగలాడుతోంది.

"ఏం చేశారు?" అంది.

"నా పని చేసుకున్నాను."

"నా వేళ్ళు చూశారా? మనిషి చేసే పనేనా ఇది?"

"నీది మనిషి చేసే పనా? పెరట్లో పీనుగుని నిలబెట్టావు!"

ఆవిడ రేకుల కింది గూట్లోంచి మిగిలిన డబ్బా తీసి ఊపింది. లోపలి గోళీ టకటకలాడింది. మేస్త్రి తలుపుకి వీపు ఆనించి చేతులు చాపి నిలబడ్డాడు.

"కొట్టు. ముందు నా మొహం మీద కొట్టు."

"జరగండి మామయ్యా. నిజంగా కొట్టేస్తాను."

"ఆగండి ఇద్దరూ!" అంది అత్త. ఎప్పుడొచ్చిందో గుమ్మంలో నిలబడి ఉంది. కోడలి వైపు తిరిగి, "మావాడి మొహం అచ్చం ఈయనదే కదమ్మాయ్. ఇంట్లో అద్దంలో చూసుకుంటే ముసలి గీతలు కనపడతాయి. ఆ కారు తలుపులో గీతలు కనపడవు. రోజూ రుద్దేది దేనికనుకున్నావు? వాణ్ణి చూసుకోడానికి" అంది.

"నోర్ముయ్" అన్నాడు మేస్త్రి. కానీ ఆ మాటలో జోరు లేదు.

కోడలు చెయ్యి దించింది. డబ్బాలో గోళీ ఆగింది.

"నాకు అందులో నేనొక్కదాన్నే కనపడతాను" అంది. "మీ అబ్బాయి నా ముందుండేవాడు. ఇప్పుడు నేనే. రోజూ బట్టలారేస్తూ అదే చూడాలా నేను?"

మేస్త్రి ఆవిడ మొహంలోకి చూడలేదు, కాళ్ళ దగ్గరి డబ్బాని చూశాడు. "ఆ సంగతి చెప్పి ఏడవొచ్చుగా" అన్నాడు.

"మీరు చెప్పారా?"

 ఆయన చొక్కా లోపలి జేబులోంచి తాళం చెవి తీసి, చేతికివ్వకుండా బట్టలుతికే రాయి మీదకి విసిరాడు. ఖణేల్మంది.

"పట్టుకుపో. ఈ తలుపు మాత్రం ముట్టుకోకు."

"ముట్టుకోను. ఈ మచ్చ ఇంకో అంగుళం పెరిగిందో, కారు మొత్తం మళ్ళీ కొడతాను. మీ కుర్చీతో సహా."

"కొట్టినప్పుడు చూద్దాంలే."

చెవి తీసుకుంది. మేస్త్రి డ్రైవరు తలుపు ముందునుంచి జరగలేదు. జరగమని ఆవిడా అడగలేదు. చుట్టూ తిరిగి అవతలి తలుపు తీసి, చీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని, గేరు రాడ్డు మీదుగా కాలు దాటించి డ్రైవరు సీట్లోకి జరిగి కూర్చుంది. అత్త నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

కారు రెండుసార్లు దగ్గి మూడోసారి లేచింది. మేస్త్రి కారు వైపు తిరిగి ఒక్క అడుగు వెనక్కి వేశాడు.

"క్లచ్చి మీంచి కాలు తియ్యి! కాల్చేస్తావు దాన్ని!" అన్నాడు.

ఆవిడ అద్దం ఎక్కించేసుకుంది. ఆ రోజు నుంచీ ఆ కారుకి డ్రైవరు తలుపు లేనట్టే. రోజూ అవతలి పక్కనుంచే ఎక్కుతుంది. కార్ఖానా దగ్గర ఎవరైనా అడిగితే, ఆ తలుపు మా మామయ్యది అంటుంది.