ఎడమకు వాలిన కుట్టు

చీరాల స్టేషన్ బెంచీమీద నా పక్కన కూర్చున్న ఆవిడ, పాత ఇళ్లలోని బట్టలూ సామాన్లూ చూసి ఉన్నదున్నట్టు బొమ్మలు గీస్తుందట. అమ్మ పోయాక నాకు మిగిలిన బొంత ఒళ్లో ఉంటే, అమ్మే కుట్టిందని చెబితే, కాస్త పరవమంది. పోగు పోగూ గీసింది, మిరప్పండు మరకతో సహా.

"అమ్మగారిది ఎడంచేతి వాటమాండీ? కుట్లన్నీ అటే వాలాయి."

"కాదండీ, కుడిచెయ్యే," అన్నాను.

ఆవిడ, కుట్టు ఎలా వాలిందో అలాగే గీసి, తన రైలెక్కి వెళ్లిపోయింది.

అప్పుడు గుర్తొచ్చింది. ఎడంచేత్తో వడ్డించబోయిందని, నాయనమ్మ భోజనాల బంతిలో అందరిముందూ అమ్మ చేతిమీద గరిటెతో కొట్టింది. ఆ తర్వాత అమ్మ ఆ చెయ్యి వాడగా నేను చూడలేదు.

ఇంత పెద్ద బొంత, మేమెవరమూ ఇంట్లో లేనప్పుడే కుట్టుకుందన్నమాట.