బొట్టు పెట్టిన మందు సీసా

పుంగనూరు పక్కన ఫైబర్ నీళ్ల తొట్లు చేసే షెడ్డులో నా పని ఒక్కటే: ఉప్పుకాగితంతో అంచులు రుద్దడం. మదనపల్లెలో కెమిస్ట్రీ డిగ్రీ చదివి అంచులు రుద్దడమా అని నవ్వకండి. కూలికి పోయే మా ఇంట్లో అదే మొదటి నెల జీతం. తొట్లకు పూసే రెసిన్ జిగురును గట్టిపరిచే మందు సీసాను మాత్రం ఆడవాళ్లు ముట్టుకోకూడదట. మేస్త్రి ప్రతి శుక్రవారం దానికి కుంకుమ బొట్టు పెట్టి, రేకుల కింద దేవుడి గూట్లో ఉంచేవాడు. పడమటి ఎండంతా ఆ గూటి మీదే పడేది.

ఆ వేసవిలో కుప్పంలో ఒక బడికి చేస్తున్న తొట్టి గట్టిపడలేదు. మర్నాటికీ వేలికి జిగురు అంటుకుంటూనే ఉంది.

"ముట్టులో ఉండి సీసా తాకినావు కదమ్మా?" అన్నాడు మేస్త్రి, అందరి ముందూ. నాకు ఒళ్లు మండిపోయింది.

"అట్లయితే రేపట్నుంచి రావద్దులేమ్మా," అన్నాడు ఓనరు.

"తాకలేదు సార్. నేను తాకింటే ఈ తొట్టి నిన్ననే పట్టిండేది," అన్నాను. "ఆ మందు ముందు తాను తెగి ముక్కలు కావాల. ఆ ముక్క రెసిన్‌లో ఒక అణువును పట్టుకుంటాది, అది పక్కదాన్ని లాక్కుంటాది, అట్లా గొలుసైపోతాది. మీరు ఎండలో పెట్టి సీసాలోనే ముక్కలు చేసేస్తిరి. ఇంక బకెట్లో ఏం తెగతాది?"

"పుస్తకాల సదువు!" అని మేస్త్రి నవ్వాడు.

"చల్లటి గదిలో సీలు తీయని సీసా ఉండాది. ఒక్క బకెట్ నేను కలుపుతా. పట్టకపోతే నేనే పోతా."

ఓనరు ఆ సీసా తెప్పించాడు. మేస్త్రి ఎప్పుడూ మూతతో అందాజాగా పోసేవాడు. నేను గ్లవుజులు, కళ్లద్దాలు పెట్టుకుని, సిరంజితో కొలిచి పోశాను. సిరంజి మీద గీతను రెండుసార్లు చూసుకున్నాను. ఈ పని పోతే అమ్మ మళ్లీ టమాటా తోటల్లో నడుం వంచాలి.

బకెట్ వేడెక్కింది. టీ తాగి గ్లాసులు కింద పెట్టేసరికి రెసిన్ జున్నులా గడ్డకట్టింది. ఇంకాసేపటికి కలిపిన కర్ర అందులోనే బిగుసుకుపోయింది. మేస్త్రి రెండు చేతులతో లాగినా రాలేదు.

"సరేమ్మా, రేపట్నుంచి నువ్వు కొలత చెప్పు, మేస్త్రి పోస్తాడు," అన్నాడు ఓనరు.

"కాదు సార్. చెప్పేదీ నేనే, పోసేదీ నేనే."

ఓనరు తల గోక్కుని, సరేనన్నాడు. నేను మేస్త్రి వైపు తిరిగాను.

"అన్నా, నేను ముట్టయి ఇది రెండో రోజు. ఎంత గట్టిగా పట్టిందో సూడు."