చందూరు కాన్పుల గదికి రెండో మనిషి

అరవై మూడులో చందూరుకు ప్రసూతి కేంద్రం వచ్చింది. గోడలకు సున్నం వేశారు, రెండు మంచాలు వచ్చాయి, నిజామాబాదు నుంచి హమీదా అనే నర్సు వచ్చింది. రెండో మనిషే రాలేదు. తల్లిని చూడటానికి ఒకరు, బిడ్డను అందుకోవడానికి ఒకరు ఉండాలని నిబంధన. ఏడాది గడిచినా ఆ కొలువు ఖాళీయే.

ఊరి మంత్రసాని భీమవ్వకు ఈ సంగతి మహా సంతోషంగా ఉండేది. నలభై ఏళ్లుగా ఊళ్లో పుట్టినవాళ్లంతా తన చేతుల్లో పడ్డవాళ్లే. ఆ పని సర్కారు లాక్కుందని ఆమె కోపం. పనేమీ లేకపోయినా రోజూ అటు వెళ్లి, "ఏం నర్సమ్మా, ఇంక రాలేదా నీ జోడు?" అని పలకరించి మరీ వచ్చేది.

చెరుకు నరికే రోజుల్లో ఒక మధ్యాహ్నం, సరిహద్దు అవతల నుంచి కూలికొచ్చిన తారాబాయిని బండిలో తెచ్చారు. ఒక బిడ్డ పుట్టింది. కడుపులో ఇంకో బిడ్డ ఉంది. హమీదా కిటికీలోంచి కేకేసింది.

"అవ్వా, జల్ది రా! సబ్బుతోని చేతులు కడుక్కొని రా!"

అటుగా పోతున్న భీమవ్వ ఉరికొచ్చింది కానీ సబ్బు చూసి ఆగింది. "నా చేతులకేమైందే? ఊరంత గీ చేతులల్లనే పుట్టలే?"

"కడుగుతవా, పోతవా?"

భీమవ్వ మోచేతుల దాకా కడిగింది. మొదటి బిడ్డకు ఒళ్లు తుడిచి ఏడిపించింది. ఈలోగా హమీదా రెండో బిడ్డను క్షేమంగా తీసింది. తారాబాయికి తెలుగు రాదు, భీమవ్వకు మరాఠీ రాదు. అయినా ఆ సాయంత్రం ఇద్దరూ గంటసేపు ముచ్చట పెట్టారు.

మర్నాడు ఆ ఖాళీ కొలువుకు పేరు రాయించడానికి హమీదా భీమవ్వను పంచాయతీ గుమాస్తా ఆత్మారాం దగ్గరికి తీసుకుపోయింది. కొలువుకు వయసు ముప్పై అయిదు దాటకూడదట.

"ముప్పై అయిదే రాయి," అంది భీమవ్వ.

"అవ్వా, నాకే ముప్పై ఎనిమిదేండ్లు. నన్ను పుట్టిచ్చింది నువ్వేనాయె!"

"మరి పుట్టిచ్చిన దాని మీద గా మాత్రం దయ లేదారా?"

హమీదా కాగితం చివరిదాకా చదివింది. నెల రోజులు శిక్షణ పొందిన మంత్రసానికి వయసు పట్టింపు లేదట. ఆ శిక్షణ ఇచ్చేది హమీదాయే.

ఆ నెలంతా గొణుగుడే. నమిలే తమాకు బయట పెట్టి రావాలి, గోళ్లు తీసుకోవాలి. "నీకింక పెండ్లే కాలే, నాకు కాన్పులు నేర్పుతవా?" అంటూనే అన్నీ నేర్చుకుంది. ఒకరోజు గుడ్డలు ఉడకబెడుతూ, ఒంటరిగా చూసిన కాన్పుల్లో ఇద్దరు తల్లులు తన చేతుల్లోనే పోయారని చెప్పింది. అంతవరకు ఎవరికీ చెప్పలేదు. హమీదా పక్కన కూర్చుని గుడ్డలు పిండింది.

అలా తొమ్మిదేళ్లు ఇద్దరూ కలిసి పనిచేశారు. డెబ్బై మూడులో ఎనిమిదో తరగతి చదివిన మాసూమాను భీమవ్వ కొలువులో వేశారు. భీమవ్వ ఇంటికి పోయి నాలుగు రోజులు ఉంది. అయిదో రోజు వచ్చి కేంద్రం వరండాలో కూర్చుంది.

"ఇప్పుడు లెక్క ప్రకారం ఇద్దరం ఉన్నం గద అవ్వా," అంది మాసూమా, "నువ్వెందుకు?"

"మీరిద్దరు కాన్పు సూస్తరు, సరే. మరి బయట కూసోని లొల్లి పెట్టే అత్తలను ఎవలు సూస్తరు?"